నలుగురూ బాగుచేసిన ట్రిగ్గర్

లవోన్ క్వామే మా పిస్టల్ క్లబ్బులోకి వచ్చింది కాఫీ పెట్టడానికి. మాజీ సైనికుల లీజియన్ హాలు నేలమాళిగలో మంగళవారం మంగళవారం మేం పదిపన్నెండు మంది కాగితాల మీద గురి చూసి కాలుస్తాం. పైన వంటింట్లో ఎవరో ఒకరు కాఫీ చూసుకోవాలి. అంతకుముందు ఆ పని వెండెల్‌ది. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ ఉత్తరాలు మోసిన మనిషి, ఊళ్ళో ప్రతి కుక్క పేరూ తెలుసు గానీ కాఫీలో నీళ్ళెన్ని, పొడెంత అన్నది మాత్రం చచ్చినా తెలియదు. అందుకని లవోన్ వచ్చిన రోజున మేం పండగ చేసుకున్నాం.

రెండో నెలలో ఓ సాయంత్రం ఆమె కాఫీ కుండ పట్టుకుని కిందికి దిగి, దాన్ని మెట్టు మీద పెట్టి చెవులు మూసుకుని కాసేపు మమ్మల్ని చూసింది.

"ఇంతసేపూ మీరు చేసే ఘనకార్యం ఇదా? కాగితాలకి చిల్లులు పెట్టడమా?" అంది.

"అంత తేలికైతే నువ్వూ పెట్టు, చూద్దాం" అన్నాడు వెండెల్.

పెట్టింది. ఐదు గుళ్ళల్లో మూడు నల్ల వలయంలో పడ్డాయి. వెండెల్‌వి ఆ రోజు రెండు పడ్డాయి. అప్పటికి లవోన్‌కి యాభై ఆరేళ్ళు. ఆ మరుసటి వారం నుంచి కాఫీ తలా ఒక వారం పెట్టుకోవాల్సి వచ్చింది.

బడి వంటశాలలో ఇరవై తొమ్మిదేళ్ళు పెద్ద వంటమనిషిగా చేసింది లవోన్. అడిగిన పిల్లాడికి ఇంకొంచెం, అడగని పిల్లాడికీ ఇంకొంచెం. మా ఊళ్ళో నలభై ఏళ్ళలోపు మగాళ్ళలో ఎవరికి బొజ్జ ఉన్నా దానికి పునాది వేసింది ఆమే. ఉడికించి మెదిపిన ఆలుగడ్డ ముద్దని గుండ్రటి గరిటెతో తీసి తీసి ఆమె కుడిచేతి బొటనవేలి మొదట్లో కీలు అరిగిపోయింది. అయినా ఒక్కరోజూ ఎవరి దగ్గరా మూలిగింది లేదు. అదీ ఆమె తత్వం. ఎవరినీ నొప్పించదు, ఎవరేం అడిగినా "సరేలే" అంటుంది. చర్చిలో నాలుగు కమిటీలు తలకెత్తుకుంది. మా వైపు జనం మర్యాదకి ముందుంటారు, నిజమే. ఎవరైనా కాఫీ పోస్తామంటే రెండుసార్లు వద్దని మూడోసారి అరకప్పుకి ఒప్పుకుంటాం. లవోన్ ఆ రెండుసార్లు కూడా అనదు. అంటే పోసేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారట.

ఏటా మార్చి నెలాఖరున, నలభై మైళ్ళ అవతలి పక్కూరి క్లబ్బుతో మాకు పోటీ. జట్టుకి నలుగురు. గడిచిన ఐదేళ్ళూ లవోన్ మాతో వచ్చింది, ఐదేళ్ళూ బల్ల దగ్గర కూర్చుని మా పాయింట్లు రాసింది. "మీరు కాల్చండి, నేను రాస్తాలే" అనేది. మాలో కనీసం ఇద్దరికన్నా బాగా కాల్చేది ఆమె. ఆ ఇద్దరిలో నేను ఒకణ్ణి కానని గట్టిగా చెప్పలేను.

ఈ ఏడాది జట్టులో ఒకాయన చలికి భయపడి అరిజోనా వెళ్ళిపోయాడు. చోటు ఖాళీ అయింది. లవోన్ పేరు రాసింది నేనే. ఆమెని అడగలేదు కూడా, అడిగితే ఇంకెవరి పేరో చెబుతుందని. బోర్డు మీద చూసుకుని చాలాసేపు అక్కడే నిలబడింది.

"హార్లన్, ఇది నీ పనేనా?" అంది.

"నాదే. పేరు కొట్టేశావంటే ఊరుకోను."

కొట్టెయ్యలేదు. కానీ ఆ రోజే ఇంకో సంగతి చెప్పింది. ఫార్గో పెద్దాసుపత్రిలో డాక్టరు ఆమె బొటనవేలి కీలుకి ఆపరేషన్ పెట్టాడు. తారీఖు పోటీ అయ్యాక వచ్చే గురువారం. ఆ తర్వాత ఆరు నెలలు చేత్తో బరువు పట్టకూడదు, పిస్టల్ సంగతి "అప్పుడు చూద్దాం" అన్నాడట. డాక్టరు నోట ఆ మాట వస్తే అర్థమేంటో మా వయసు వాళ్ళకి వేరే చెప్పాలా? అంటే లవోన్ జట్టులో నిలబడి కాల్చేది ఈ ఒక్క పోటీయే కావచ్చు. తర్వాత ఇంకోటి ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

చిక్కల్లా ఆమె పిస్టల్ ట్రిగ్గర్‌తోనే. కొన్నప్పటి నుంచీ అందులో ఒక్క ముక్క మార్చలేదు. ఐదు పౌన్ల బరువుతో లాగితే గానీ పేలదు. ఆ లాగుడు కూడా ముందు జారుతుంది, మధ్యలో గరగర, చివర్లో గోడకి తగిలినట్టు ఆగిపోతుంది. ఇరవై గుళ్ళ దాకా లవోన్ దివ్యంగా కాలుస్తుంది. ముప్ఫై దాటేసరికి బొటనవేలు మంటెత్తి గుళ్ళన్నీ ఎడమకి పోతాయి. పోటీలో అరవై కాల్చాలి.

మేం పోటీ పడే తరగతిలో లోపలి ముక్కలు మార్చుకోవచ్చు. కానీ లాగుడు మూడు పౌన్లకి తగ్గకూడదు. పోటీకి ముందు తూకం బల్ల దగ్గర ఖాళీ పిస్టల్ ట్రిగ్గర్‌కి మూడు పౌన్ల ఇనప గుండు తగిలించి పైకెత్తుతారు. గుండు వేలాడితే పాస్, ట్రిగ్గర్ జారిపోతే ఇంటికి. ఐదు నుంచి మూడు దాకా బోలెడు జాగా ఉందిగా, ఇందులో కష్టమేముంది అనుకున్నాం.

అప్పుడు లవోన్ చెయ్యకూడని పని చేసింది. మంగళవారం కాఫీల దగ్గర, అందరూ వినేలా, "నా ట్రిగ్గర్ కాస్త తేలికవ్వాలంటే ఏం కొనుక్కోవాలి?" అని అడిగింది.

కాఫీ కప్పులన్నీ బల్ల మీదికి దిగాయి. తర్వాత అందరూ ఒక్కసారే మొదలెట్టారు.

మా వాళ్ళలో ప్రతివాడి ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటుంది. కాఫీ డబ్బానో, చేపల గాలాల పెట్టెనో. దాన్నిండా స్ప్రింగులు, రేకులు, పిన్నులు, బల్లపరుపు ట్రిగ్గర్లు, వంకీ ట్రిగ్గర్లు. ఒక్కోటీ ఒక్కో ఏడాది "ఇదుంటే చాలు, నా గురి మారిపోతుంది" అని తెప్పించుకున్నదే. గురి మారలేదు, డబ్బా నిండింది. భార్యలు అడిగితే అవన్నీ విడిభాగాలు, అవసరానికి పనికొస్తాయి అంటాం. ఇన్నాళ్ళకి ఆ అవసరం లవోన్ రూపంలో వచ్చింది.

"బల్లపరుపు ట్రిగ్గర్ వేయించు" అంది నొరీన్. ఊళ్ళో జుట్టు కత్తిరించేది ఆమే, నాలుక కూడా కత్తెరంత. "వేలు సరిగ్గా మధ్యలో ఆనుతుంది. లాగినట్టే ఉండదు."

"అదంతా చూడ్డానికి సోకు" అన్నాడు వెండెల్. "బరువు తగ్గించేది స్ప్రింగు. వెనక్కి తోసే స్ప్రింగు గట్టిదెయ్యాలి, అప్పుడు లాగుడు తేలికవుతుంది."

"గట్టిదేస్తే తేలికవుతుందా? నీ కాఫీకి, ఈ మాటకి తేడా లేదయ్యా."

"అవుతుంది తల్లీ, బొమ్మ గీసి చూపించమంటావా?"

"మీరిద్దరూ కాసేపు ఆగండర్రా" అన్నారు పాస్టర్ లిండ్‌గార్డ్‌గారు. ఆయన మా జట్టుకి అదనపు మనిషి, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే ఆయన కాలుస్తారు. "ముందు గరగర పోవాలి. లోపల చిన్న బొడిపె ఒకటుంటుంది, దాని కింది స్ప్రింగు మార్చి బొడిపె నున్న చేస్తే వెన్నలా నడుస్తుంది."

నేను నోరు మెదపలేదు. ముప్ఫై నాలుగేళ్ళు చక్కెర బీట్ల ఫ్యాక్టరీలో యంత్రాలు బాగుచేసినవాణ్ణి. ఉత్తరాలు పంచేవాడితోనూ, జుట్టు కత్తిరించేదానితోనూ, ప్రసంగాలు చెప్పేవారితోనూ వాదనేమిటి అనుకున్నాను. గర్వమే, కాదనను.

లవోన్ అందరి మాటా విని, అందరి వైపూ తలూపి, "సరేలే, చూస్తాను" అంది.

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ ఆమెని పిస్టల్ తీసుకుని మా గరాజుకి రమ్మన్నాను. నా డబ్బాలోంచి కనెక్టర్ ఒకటి తీసి చూపించాను. చిటికెన వేలి గోరంత ఉక్కు రేకు. ట్రిగ్గర్ ఏ కోణంలో విడిచిపెట్టాలో చెప్పేది అదే. అంతకుముందే రెండు సాయంత్రాలు కూర్చుని నా చేత్తో దాన్ని అద్దంలా నున్న చేసి ఉంచాను. పిస్టల్ ఖాళీ అని ఇద్దరం చూసుకుని పాతది తీసి ఇది బిగించాను.

"లాగి చూడు."

లాగింది. కళ్ళు మూసుకుని మళ్ళీ లాగింది. ఆమె మొహం విప్పారింది. "అబ్బ, హార్లన్! గోడేదీ?"

"గోడ పడగొట్టాను" అన్నాను, ఫ్యాక్టరీ మొత్తం నేనే కట్టినట్టు. "అరపౌను పైచిలుకు తగ్గింది. ఇంక దేన్నీ ముట్టుకోకు. వీళ్ళెవరికీ చెప్పకు కూడా, వాళ్ళ ముక్క పెట్టలేదని బాధపడతారు."

"చెప్పనులే" అంది.

ఇక్కడే ఒక సంగతి నాకు తట్టాల్సింది. అసలు లాగుడు ఐదు పౌన్లు ఉండాలి కదా, నా రేకు పెట్టక ముందే ఈ పిస్టల్ ఎందుకంత మర్యాదగా ఉంది? యంత్రాలతో ముప్ఫై నాలుగేళ్ళు గడిపినవాణ్ణి, తూకం గుండు అదే గరాజు సొరుగులో పడి ఉంది, తీసి ఒక్కసారి తగిలించి చూస్తే పోయేది. చూడలేదు. నా రేకు చేసిన మహిమే అనుకుని మురిసిపోయాను.

ఆ తర్వాతి మూడు వారాలూ లవోన్ కాల్చిన తీరు చూడాలి. అరవైకి అరవై గుళ్ళూ ఒక అరచేతిలో పట్టేంత చోటులో పడేవి. చివరి దాకా ఒక్కటీ ఎడమకి పోయేది కాదు. కాగితం వెనక్కి రాగానే ఆమె అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, చిల్లులు లెక్కపెట్టుకుని, నా వైపు చూసి చిన్నగా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. ఇది మా ఇద్దరి రహస్యం అనుకుని నాకు లోపల ఎంత సంబరమో.

"లవోన్ గురి చూశావా ఈమధ్య?" అన్నాడు వెండెల్ ఒకరోజు, పెదాలు బిగబట్టి. "ఎవరి చలవో మరి!"

"ఎవరి చలవో" అన్నాను నేనూ పెదాలు బిగబట్టి. పాపం, వాడికి తెలీదు అనుకున్నాను.

నొరీన్ నా జుట్టు కత్తిరిస్తూ, "కొందరు పైకి చెప్పుకోరు హార్లన్, చేసి ఊరుకుంటారు" అంది. నన్నే పొగుడుతోందనుకుని కుర్చీలో ఇంకాస్త నిటారుగా కూర్చున్నాను. ఆ ఆదివారం పాస్టరుగారు గుప్తంగా చేసే ఉపకారం ఎంత గొప్పదో ప్రసంగం చెప్పారు. చెబుతున్నంతసేపూ ఆయన మొహంలో వెలుగు చూసి, ఈయనకి నా సంగతి ఎలా తెలిసిందబ్బా అని ఆశ్చర్యపోయాను.

పోటీ శనివారం. రోడ్డు నిండా మంచు కరిగిన బురద. వెండెల్ వ్యానులో ఐదుగురం బయల్దేరాం. లవోన్ ముందు సీట్లో, ఒళ్ళో పిస్టల్ పెట్టె. జట్టు చొక్కా వేసుకుంది, కొత్తది, మడత గీతలు ఇంకా పోలేదు. దారిపొడుగునా ఆ గీతల్ని అరచేత్తో సాపుచేసుకుంటూనే ఉంది. సంతోషం ఎక్కువైతే మా వాళ్ళు అలాగే ఉంటారు.

తూకం బల్ల దగ్గర ఎర్రటోపీ పెద్దమనిషి ఒకడు కూర్చున్నాడు. పక్కూరివాడే గానీ న్యాయమైన మనిషి. నాది ఎత్తాడు, గుండు వేలాడింది. వెండెల్‌ది, నొరీన్‌ది వేలాడాయి. లవోన్ పిస్టల్ ఖాళీ అని చూసుకుని, గుండు తగిలించి పైకెత్తాడు. టిక్. ట్రిగ్గర్ జారిపోయింది, గుండు బల్ల మీదే కూర్చుంది.

"ఇంకోసారి చూద్దామమ్మా" అన్నాడు. టిక్. మూడోసారి ఇంకా నెమ్మదిగా ఎత్తాడు. టిక్.

"రెండూ ముప్పావుకి మించి లేదు" అన్నాడు. "పదిహేను నిమిషాల్లో సరిచేసి తెస్తే మళ్ళీ చూస్తా. తేకపోతే దీంతో కాల్చనివ్వలేను, ఏమీ అనుకోకండి."

"అసంభవం! నా రేకుతో తగ్గింది అరపౌనేనయ్యా!" అని అరిచేశాను.

"నీ రేకేంటి?" అన్నాడు వెండెల్. "అందులో ఉన్నది నా స్ప్రింగు."

"నీ స్ప్రింగేంటి?" అంది నొరీన్. "నా బల్లపరుపు ట్రిగ్గర్, దాంతోపాటు వచ్చిన నున్నటి కడ్డీ కదా ఉన్నవి? మా పార్లర్లోనే బిగించాం. అంత బల్లపరుపుగా ఉంటే మీ కళ్ళకి ఆనలేదా?"

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. "బొడిపె..." అన్నారు, అంతే.

నలుగురం లవోన్ వైపు తిరిగాం. ఆమె మొహం ఎర్రగా కందిపోయింది.

"ఎవరికీ చెప్పొద్దన్నారు కదా" అంది. "నలుగురూ అన్నారు. మీరంత ప్రేమగా ఇస్తే కాదని ఎలా అనను? ఒకరిది పెట్టుకుని ఇంకొకరిది పెట్టుకోకపోతే బాగుంటుందా?"

లెక్క తేలిపోయింది. తలా అరపౌను పైచిలుకు. ఎవరి ముక్క వాళ్ళకి పుణ్యం, నాలుగూ కలిసి పాపం. ఏ ఒక్కటి తీసి పాతది పెట్టినా మూడు పౌన్లు దాటుతుంది. పాత ముక్కలన్నీ లవోన్ పిప్పరమెంటు డబ్బాలో దాచి, దాన్ని పిస్టల్ పెట్టెలోనే పెట్టుకుని తెచ్చింది. పనిముట్లు నా సంచీలో ఉన్నాయి. ఐదు నిమిషాల పని. ఎవరిది తీయాలన్నదొక్కటే తేలాలి.

అక్కడ మొదలైంది మా వాళ్ళ మర్యాద.

"నాది తీసెయ్ లవోన్, నాకేం బాధ లేదు" అన్నాడు వెండెల్, బాధంతా మొహాన పూసుకుని.

"ఛ ఛ, నీదెందుకు, నాది తీస్తే సరి" అంది నొరీన్. "పార్లర్ మూసుకుని రెండు గంటలు కూర్చున్నాననుకో, దానికేముంది."

"మీరెవరూ ఇబ్బంది పడకండి. నా స్ప్రింగే చిన్నది, అది పోయినా ఎవరికీ తెలియదు" అన్నారు పాస్టరుగారు, అందరికీ తెలియాలన్నట్టు.

"నాది తీస్తే కోణం మారుతుంది గానీ, పర్లేదు, తీసెయ్యండి" అన్నాన్నేను.

మా భాషలో ఇవన్నీ "నాది ముట్టుకుంటే ఊరుకోను" అని. మా వాళ్ళంతా అది ఎరిగినవాళ్ళే. అందుకే ఎవరం ఎవరిదీ తీయమనలేదు. రెండో విడత మళ్ళీ మొదలెట్టాం. గోడ గడియారంలో ఏడు నిమిషాలు పోయాయి.

లవోన్ మా నలుగురి మొహాలూ చూసింది. తర్వాత మెల్లగా పిస్టల్ పెట్టె మూసింది.

"పాస్టరుగారు కాలుస్తారులే" అంది. "ఆయన పిస్టల్ తూకానికి సరిపోతుంది. నేను పాయింట్లు రాస్తాను. ఎవరికీ గొడవ ఉండదు."

పాస్టరుగారు కూడా బిత్తరపోయారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఆ మాట ఐదేళ్ళుగా వింటున్నాను. గురువారం ఆ చెయ్యి కోస్తారు, ఈమె ఇవాళ కూడా పెన్సిల్ పట్టుకుని బల్ల దగ్గర కూర్చుంటుందట, మా నలుగురి గొప్పలు చెక్కుచెదరకుండా ఉండటానికి! ఆమె మీద కోపం వచ్చింది, మా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది.

"నోర్మూసుకుని పెట్టె తెరువ్!" అని అరిచాను. హాల్లో అందరూ మా వైపు తిరిగారు. మా వైపు మగాళ్ళు అలా అరవరు, ఇల్లు తగలబడుతున్నా "కాస్త వేడిగా ఉన్నట్టుంది" అంటారు. "నువ్వు పాయింట్లు రాస్తానంటే నేను నడుచుకుంటూ ఇంటికి పోతాను, నలభై మైళ్ళు! ఎవడికి కోపమొస్తే వాడే చస్తాడు. ఒకటి ఎంచుకో. ఎవరిది తీయాలో చెప్పు. నువ్వు చెప్పు!"

లవోన్ నన్ను చూసింది. బడి వంటశాలలో, కేకలు వేసుకునే మూడొందల మంది పిల్లల్ని ఆమె ఒక్క చూపుతో కూర్చోబెట్టేదట. ఆ చూపు నేను అంతవరకూ చూడలేదు.

"నీది తీసెయ్, హార్లన్" అంది.

దయచేసి అనలేదు, ఏమనుకోకు అనలేదు.

ఏం చెప్పను? అంత అరిచానా, నాది అంటుందని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వెండెల్‌ది అంటుందనుకున్నాను. లోపల ఎక్కడో కళుక్కుమంది. కానీ గడియారం నాకోసం ఆగదు కదా. సంచీ విప్పాను. నా చేత్తో నున్న చేసిన రేకుని నా చేత్తోనే ఊడబెరికి, ఆ పాత గరుకు రేకుని తిరిగి బిగించాను. వెండెల్ నా పక్కనే నిలబడి, సానుభూతి ఒలకబోస్తూ, పెదాల చివర నవ్వు దాచుకుంటున్నాడు. వాణ్ణి అప్పుడు బురదలోకి తోసెయ్యాలనిపించింది.

ఎర్రటోపీ ఆయన ఎత్తాడు. గుండు బల్ల మీంచి లేచి, గాల్లో కాస్త ఊగి, వేలాడింది.

"సరిపోయిందమ్మా, వెళ్ళు" అన్నాడు.

లవోన్ వరసలో నా పక్కనే నిలబడి కాల్చింది. నేను నా కాగితం చూసుకోవాలి గానీ కన్ను అటే పోయింది. మొదటి ఇరవై బాగా పడ్డాయి. ముప్ఫై దగ్గర ఆమె పిస్టల్ కిందపెట్టి, చెయ్యి విదిలించుకుని, మళ్ళీ ఎత్తింది. నలభై దాటాక ప్రతి ఐదు గుళ్ళకీ పెదవి కొరుక్కోవడం చూశాను. రెండు ఎడమకి పోయాయి. మూడోది పోలేదు. అరవయ్యోది కాల్చి, పిస్టల్ ఖాళీ చేసి, పెట్టెలో పెట్టి, అప్పుడు గట్టిగా ఊపిరి వదిలింది. మా నలుగురిలో ఆమె రెండోది. నేను నాలుగో వాణ్ణి. జట్టుగా పక్కూరి మీద పదకొండు పాయింట్లతో గెలిచాం. నిజం చెప్పాలంటే నాకు ఆ గెలుపు రుచించలేదు. అందరూ చేతులు కలుపుకుంటుంటే నేను కాఫీ కప్పు తీసుకుని వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాను, చిన్నపిల్లాడిలా.

కాసేపటికి లవోన్ వచ్చి పక్కన నిలబడింది.

"అలిగావా?"

"నేనెందుకు అలుగుతాను? ముక్క నాది, పిస్టల్ నీది. నీ ఇష్టం."

"అలిగావు" అంది.

"అడుగుతున్నాననుకోకు గానీ, నాదే ఎందుకు? బాగాలేకపోతే ఆ రోజే చెప్పాల్సింది."

"నీదే అన్నిట్లోకీ బాగుంది" అంది. "అది తీశాక చూశావుగా, గోడ మళ్ళీ లేచింది. ముప్ఫై నుంచీ చచ్చిపోయాను."

నాకు అర్థం కాలేదు. అదే మాట చెప్పాను.

ఆమె బయట బురద వంక చూస్తూ మాట్లాడింది. "వెండెల్‌ది తీస్తే ఏడాది దాకా నాతో సరిగ్గా మాట్లాడడు. నొరీన్ మాట్లాడుతుంది, వచ్చిన ప్రతివాళ్ళతోనూ అదే మాట్లాడుతుంది. పాస్టరుగారు నా కోసం ప్రార్థన చేసి మరీ బాధపడతారు. నాకు అరవై ఒక్క ఏళ్ళు హార్లన్. ఎవరినీ ఇంతవరకూ కాదనలేదు. కాదంటే వాళ్ళు నన్నొదిలి వెళ్ళిపోతారేమోనని భయం, ఎప్పుడూ అంతే. ఇవాళ ఎవరో ఒకర్ని కాదనక తప్పలేదు. ఎవర్ని కాదంటే వదిలి వెళ్ళిపోరా అని మీ నలుగుర్నీ చూశాను. నువ్వొక్కడివే కనిపించావు."

నేను కప్పులోకి చూశాను. కాఫీ ఎప్పుడో చల్లారిపోయింది. నాకు సిగ్గేసింది, చాలా సిగ్గేసింది. గంటన్నర నుంచీ నాకేదో అవమానం జరిగిందని ఉడుక్కుంటున్నాను. ఆమె నొప్పి తట్టుకుంటూ ముప్ఫై గుళ్ళు కాల్చింది, నన్ను నమ్మి.

"ఏదీ, చెయ్యి చూపించు" అన్నాను.

చూపించింది. బొటనవేలి మొదలు వాచి నిగనిగలాడుతోంది. గుమ్మం పక్కన నీడలో ఇంకా కరగని మంచు ఉంది. రొట్టె సంచీ ఒకటి వెతికి తెచ్చి అందులో మంచు నింపి, మూతి ముడేసి, ఆమె చేతికి ఆనించి పట్టుకున్నాను. ఆమె గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది.

"గురువారం ఫార్గోకి వెండెల్ తీసుకెళ్తానన్నాడు" అంది కళ్ళు తెరవకుండానే. "సరే అన్నాను."

"వెండెల్‌కి రేపే చెప్పెయ్, అక్కర్లేదని. నేను తీసుకెళ్తాను."

"వాడు చిన్నబుచ్చుకుంటాడేమో."

"బుచ్చుకోనీ."

లవోన్ కళ్ళు తెరిచింది. "సరే, చెబుతాను" అంది. "కానీ దారిలో రేడియో పెట్టకు. నువ్వు వినే పాటలు నాకు ఎప్పుడూ నచ్చలేదు."

పదేళ్ళ నుంచి ఆమె నా బండిలో చర్చికి వస్తోంది. పదేళ్ళూ ఆ పాటలు వింటూ తలూపింది.

"పెట్టను" అన్నాను.